ఆలోచన కుర్చీ

"ఆ టీవీ ఇంటికొస్తే నేను రాను. మీరూ అదీ కాపురం చేసుకోండి" అంది రావమ్మ, గుడివాడ షాపు నడిమధ్యన నిలబడి.

గోవర్ధనరావు వింటేగా! గోడంత టీవీలో పులి పరుగెడుతోంది. మొవ్వలో వాళ్ళ వంటింటి శ్లాబు కారుతోందనీ, ఈ ధాన్యం డబ్బు దాని బాగుకే దాచిందనీ పులికేం తెలుసు?

"బిల్లు రాసెయ్యవయ్యా" అన్నాడు.

షాపు యజమాని భానుప్రకాష్ చేతులు జోడించాడు. "ముందు ఆ కుర్చీలో పది నిమిషాలు కూర్చోవాలి బాబాయిగారూ. కొత్త రూలు."

రూలు పెట్టింది వినియోగదారులను రక్షించడానికి బందరు నుంచి వచ్చిన కొత్త అధికారి. బుర్ర వేడి మీద జనం కొంటారట, కాసేపు చల్లబడితే మానుకుంటారట. పెద్ద చదువుల్లో అలా ఉందట. అందుకని షాపుషాపుకీ ఓ ఆలోచన కుర్చీ వేయించాడు. ఎలాంటి కుర్చీ వెయ్యాలో చెప్పడం మాత్రం ఆ చదువుల్లో లేదు కాబోలు.

గోవర్ధనరావు విసుగ్గా కూర్చున్నాడు. భానుప్రకాష్ ఏదో బటన్ నొక్కాడు. కుర్చీ గుర్రుమంటూ ఆయన భుజాలు పట్టడం మొదలుపెట్టింది.

పది నిమిషాలయ్యేసరికి పులి ఎటు పోయిందో ఆయనకు పట్టలేదు.

"టీవీ ఎందుకులే రావమ్మా. ఉన్నది బానే వస్తోందిగా."

రావమ్మ కళ్ళు చెమర్చాయి. "ఆ ఆఫీసరుగారు చల్లగా ఉండాలి! లేవండి, తాపీమేస్త్రికి ఫోన్ చేద్దాం."

బేరం పోయిన భానుప్రకాష్ మొహంలో దిగులన్నదే లేదు. "పిన్నిగారూ, నిలబడే ఉన్నారు. మీరూ కాస్త కూర్చోండి."

"నేనేం కొనడం లేదుగా?"

"కూర్చుంటే డబ్బులడగనులెండి."

రావమ్మ మొహమాటంగా అంచున ఆనింది. కుర్చీ ఆమెను మెల్లగా వెనక్కి లాక్కుంది. పొయ్యి ముందు నిలబడీ నిలబడీ బిగుసుకుపోయిన నడుం మీద వేళ్ళలాంటివి నడిచాయి. పుట్టింట్లో కూడా ఎవరూ ఆ నడుం పట్టలేదు. ముందు మేస్త్రి కనుమరుగయ్యాడు. తర్వాత శ్లాబు. ఆఖరికి కారే నీళ్ళకింద పెట్టిన బకెట్ కూడా.

"ఇదెంత బాబూ?" అంది కళ్ళు తెరవకుండానే.

భానుప్రకాష్ మళ్ళీ చేతులు జోడించాడు.

"దీనికైనా రూలు రూలే పిన్నిగారూ. కొనేముందు పది నిమిషాలు కూర్చుని ఆలోచించాలి. అందులోనే."