తొమాసాకు రాని పొయ్యి

పదకొండేళ్ళ కిందట గ్రింగోలు, అంటే అమెరికా తెల్లవాళ్ళు, ఆ వీధిలో అందరికీ పొగగొట్టం పొయ్యిలు కట్టారు, ఒక్క తొమాసాకు తప్ప. పొగ మింగీ మింగీ మూడేళ్ళకు తొమాసా చచ్చిపోయింది. ఇందులో అన్సెల్మోకు రెండో మాట లేదు. పెళ్ళాం పోయిన నాటి నుంచీ చర్చి మెట్ల మీద, సంతలో, వినేవాడు దొరికితే చాలు, ఇదే చెబుతున్నాడు.

ఇప్పుడు ఆ జాతివాళ్ళే గుమ్మంలో నిలబడ్డారు. తండ్రి, తల్లి, పదేళ్ళ పిల్ల గ్రేతా. స్పానిష్ నేర్చుకోవడానికి మిన్నెసోటా నుంచి గ్వాటెమాలా దాకా వచ్చారట. పొద్దున షేలా పట్నంలో పాఠాలు, మధ్యాహ్నం ఈ కొండ మీద సేవ. ముగ్గురికీ ఒకే రంగు చొక్కాలు. తోపుడుబండి నిండా ఇటుకలు.

"అయ్యా, నమస్కారం," తండ్రి తడుముకుంటూ అన్నాడు. "మేము... పొయ్యి... కట్టింది."

"ఎవతె కట్టింది? మీ ఆవిడా?"

వెనక నవ్వబోయిన కోడలు ఇర్మాకు దగ్గు తెర వచ్చింది. ఆమెకు ఆరో నెల. ఆ ఊరికి కాపురానికొచ్చి రెండేళ్ళు.

"పొయ్యికి నువ్వే పేరిచ్చావు కదూ?"

"ఇచ్చాను మామయ్యా. పుట్టేదాన్ని కూడా పొగలోనే పెంచమంటారా?"

"మీ అత్త నలుగుర్ని పెంచలేదూ? పొగ తగలకపోతే దూలాలకు పురుగు పడుతుంది."

"అత్తయ్య ఏమైపోయిందో మీరే చెబుతారుగా, రోజూ."

అన్సెల్మో బండి వైపు తిరిగాడు.

"వీడి చేతిలో తాపీ చూడు, సూప్ గరిటె పట్టుకున్నట్టు! ఈవిడ నా దరిద్రానికి ఫొటోలు తీస్తుంది. ఈ పిల్ల నా పంచలో అక్షరాలు దిద్దుకుంటుంది. తిరిగి వెళ్ళి ఊరిని ఉద్ధరించి వచ్చామని చెప్పుకుంటారు."

తల్లి ఫోను జేబులో పెట్టేసింది.

గ్రేతా మాత్రం బెదరలేదు. ముగ్గురిలో కాస్త మాట వచ్చింది దానికే. బండిలోంచి, పొయ్యి ముందు బిగించే సిమెంటు పలక చూపించింది. "తాతా, దీన్ని మొన్న బడి ఆవరణలో పోశాం. ఆరకముందే ఇంటావిడ వేలితో తన పేరు రాయాలి. మొదట్నుంచీ అదే పద్ధతట. చూడు, ఇర్మా అక్క రాసింది."

అన్సెల్మో పలక వైపు చూడలేదు. "అప్పుడు మీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. నా పెళ్ళానికి మాత్రం పొయ్యి లేదు. ఆవిడ గుండెలు మసిబారిపోయాక వచ్చారా?"

పిల్ల ఆ మాటలు అమ్మానాన్నలకు తమ భాషలో చెప్పింది. తల్లి కళ్ళు తుడుచుకుంది. తండ్రి టోపీ తీశాడు. "మావాళ్ళు తప్పు చేసింది. క్షమించండి."

"క్షమించాల్సింది పైన ఉంది. అక్కడికెళ్ళి అడుగు."

ఎదురింటి చోనా తలుపు బార్లా తీసుకుని మొక్కజొన్న పిండితో తోర్తియా రొట్టెలు తడుతోంది. ఇంతసేపూ చెవులు ఇటే పెట్టింది. ఇప్పుడు చేతులు దులుపుకుంది.

"ఏమే పిల్లా, చదవడం నేర్చుకుంటున్నావుగా, ఇటు రా. నా పొయ్యి ముందు పలక మీద ఏముందో చదువు. గట్టిగా, వీధంతా వినపడేట్టు."

"ఊరుకో చోనా," అన్నాడు అన్సెల్మో.

"పదకొండేళ్ళు ఊరుకున్నాగా."

గ్రేతా వీధి దాటి వెళ్ళి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మసి తుడిచింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, కొత్తగా నేర్చుకున్నవాళ్ళ రాత.

"తొ... మా... సా."

ఇర్మా కడుపు పట్టుకుని వీధిలోకి వచ్చేసింది. "మా అత్త పేరు! ఆవిడ పొయ్యి లాగేసుకున్నావా? ఇన్నేళ్ళూ దాని మీదే వండుకు తిన్నావా? సిగ్గు లేదూ?"

చోనా పెనం మీద తోర్తియా తిరగేసి, అన్సెల్మో వైపు చూసింది.

"అడగండి మామయ్యా! అట్లా చూస్తారేం?"

అన్సెల్మో గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. తానే తోపుడుబండి పట్టుకుని, గడప ఎక్కించి, వంటింట్లోకి తోశాడు.

"కట్టుకోండి," అన్నాడు. "కానీ ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

తొమాసా రాసుకున్న ఆ పలకను ఇదే గుమ్మంలోంచి తిప్పి పంపింది అతనే.