ఎనిమిదో ప్రశ్న

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ఒక్కణ్ణే తల్లీ. నిరుడు ఇద్దరం."

సర్వే మేడమ్ ట్యాబ్‌లో ఒకటి అని నొక్కింది. గోడవారగా ఆక్సిజన్ మిషను, దుప్పటి కప్పి ఉంది.

విద్యుత్ పరిశోధన సంస్థలో ఆమె ఒక్కతే సామాజిక శాస్త్రవేత్త. మిగతా అందరూ ఇంజనీర్లు. "కబుర్లు చెప్పించుకోవడానికి కూడా జీతమా?" అని వేళాకోళం చేసేవాళ్లు. "ఎంత వాడారో మీటరు చెబుతుంది. ఎందుకు వాడారో మనుషులే చెప్పాలి" అని రెండేళ్లు పోట్లాడి ఇంటింటి సర్వే సాధించుకుంది. ఆ సర్వేలో ఒప్పుకున్న ఇళ్లకే మధ్యాహ్నం రెండు గంటలపాటు కరెంటు ఆపారు. ఊరంతా ఏసీలు వేసుకునే వేళ లోడు తగ్గింది. ఇంజనీర్లు మొదటిసారి ఆమెకు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు రెండో విడత. సహాయకులు ఎంతమంది ఉన్నా ఈ ఇంటికి తనే వెళ్తానని పట్టుబట్టింది.

"కరెంటు ఆపడం మొదలెట్టిన రోజేనమ్మా," అన్నాడు పెద్దాయన. "మా ఆవిడ పక్కనే కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి మిషను చప్పుడు లేదు. ఆవిడ చప్పుడూ లేదు."

ఆమె ట్యాబ్‌ను ఒళ్లో బోర్లించింది.

"మీ ఆఫీసుకెళ్లి నానా గొడవా చేశాను. పాపం, వాళ్లు మర్యాదగానే కాగితం చూపించారు. ఎనిమిదో ప్రశ్న. ఇంట్లో కరెంటుతో నడిచే వైద్య పరికరం ఉందా? 'లేదు' అన్నానట. కరెంటు ఆపితే అభ్యంతరం ఉందా? దానికీ 'లేదు' అన్నానట."

మిషను మీది దుప్పటి సర్దాడు.

"ఎప్పుడన్నానో ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. చెవులు అంతంత మాత్రం. ఏమడిగితే ఏం చెప్పానో! నా నోటితో నేనే ఆవిడ ప్రాణం తీశాను తల్లీ."

"మీ తప్పు కాదండీ." అంది ఆమె.

"మొదటిసారి అడగడానికి వచ్చినవాళ్లెవరో కాస్త కనుక్కుంటావా? నిద్రమత్తులో చెప్పానా, వినపడక చెప్పానా... అదొక్కటి తెలిస్తే చాలు."

"కనుక్కుంటాను," అంది తల ఎత్తకుండానే.

మొదటి విడత సర్వే రోజు లిఫ్టు పాడై, నాలుగంతస్తులు ఎక్కే ఓపిక లేక, కింది మెట్టు మీద కూర్చుని ఈ ఇంటి జవాబులన్నీ తనే నింపేసింది.