పీపా మీది పాట

"ఆ రెంచి పక్కన పెట్టు వన్నెస్. ఒక్క మేకు కూడా కదలడానికి వీల్లేదు."

హెర్మిన్ గంటల బురుజు మెట్లన్నీ ఎక్కి వచ్చి రొప్పుతోంది. వన్నెస్ ఊళ్ళోకి కొత్తగా వచ్చిన గంటలవాడు. అతని ముందు మనిషెత్తు ఇత్తడి పీపా, దానినిండా మేకులు. పీపా తిరిగితే మేకులు తీగల్ని లాగుతాయి, పైన గంటలు మోగుతాయి. గంటగంటకీ ఊరంతా వినే పాట అదే.

"మేయరు గారు పీకేయమన్నారు మేడమ్. బీరు కంపెనీ వాళ్ళ పాట బిగిస్తే డబ్బిస్తారట."

"ఈ ఊరి కళల శాఖ చూసేది నేనా, ఆయనా?"

"మీరే. కానీ మీ శాఖలో డబ్బు లేదంటగా."

లేదు. బొమ్మలాట సావిడి కప్పు కారుతోంది. బాకా మేళంవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

"ఈ పాట కాగితం మీద ఎక్కడైనా ఉందా?" అంది హెర్మిన్.

"లేదు. నాకు ముందు ఇక్కడ పనిచేసిన కమీల్ గారు సొంతంగా కట్టుకుని నేరుగా మేకులు బిగించేశారు. ఇప్పుడు ఆయన లేరు. పీకితే పాట పోయినట్టే."

"అందుకే వద్దంటున్నాను."

"అంత గొప్ప పాటా?"

"ఇది మోగిన మొదటిరోజు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి విన్నాను."

"అంతేనా?"

"అంతే."

బీరువాళ్ళిచ్చేంత డబ్బు ఎండాకాలం అయ్యేలోపల తెస్తే పాట ఉంచుకోమన్నాడు మేయరు. ఆవిడ తేలేదన్న ధీమాతోనే అన్నాడు. హెర్మిన్ బురుజు కింద బల్ల వేసి, సంతరోజుల్లో వెన్న అట్లు పోసి అమ్మడం మొదలుపెట్టింది. పక్కన రేకు డబ్బా పెట్టింది.

బొమ్మలాడించే ముసలి ట్యూర్ వచ్చి నిలబడ్డాడు.

"సావిడి కారి మా రాజు బొమ్మ గడ్డానికి బూజు పట్టింది. బీరు డబ్బు తీసుకుని ఉంటే నాకు కప్పు పడేది."

"నీ కప్పు నేనేయిస్తాను."

"అట్లు పోసా?"

"అట్లు పోసే."

"మొండిదానివి హెర్మిన్. నీ బాధ నాకు తెలీదనుకోకు." రెండట్లు తీసుకుని, నాలుగింటి డబ్బు వేసి పోయాడు.

గంట కొట్టేముందు హెర్మిన్ పెనం దించేసేది. పాట అయ్యేదాకా మళ్ళీ ఎక్కించేది కాదు. వరసలో ఉన్నవాళ్ళు గొణిగేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేది కాదు.

డబ్బా నిండింది. ట్యూర్ కప్పు మీదికి పెంకులు ఎక్కాయి. మేయరు నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాతి సంతకి, కాలవ అవతలి నుంచి ఒక ముసలావిడ బస్సు దిగి వచ్చింది. పేరు లియోనీ అని చెప్పింది.

"పాట నిలబెట్టింది మీరేనటగా అమ్మా. ఒకసారి మీ చెయ్యి పట్టుకుందామని వచ్చాను."

"మీకంత ఇష్టమా ఆ పాటంటే?"

"నాదే అది."

హెర్మిన్ చేతిలో అట్లకాడ ఆగింది.

"పడుచుతనంలో కమీల్ మా కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. నేను బట్టలారేస్తుంటే ఈలేసేవాడు, ఈ పాటే. మా నాన్న వెళ్ళగొట్టాడు. ఎన్నేళ్ళకో ఒక పొద్దున గాలి మావైపు తిరిగింది. బురుజు మీంచి అదే ఈల. తడి దుప్పటి చేతిలోనే ఉండిపోయింది."

"మళ్ళీ వచ్చాడా మీ దగ్గరికి?"

"ఒక్కసారి కూడా రాలేదు. నేనూ రాలేదు. ఇంకొకరి కాపురం కదమ్మా. గాలి తిరిగిన రోజు కిటికీ తెరిచి పెట్టుకునేదాన్ని."

"మరి... ఆయన భార్య?"

"పాపం, ఆవిడా వినే ఉంటుంది. తనకోసమే కట్టాడనుకుని ఉంటుంది. అనుకోనివ్వండి. పాటేం తరిగిపోతుంది?"

పెనం మీద అట్టు మాడింది. హెర్మిన్ దాన్ని పారేసి ఇంకొకటి పోసింది. చక్కెర చల్లి లియోనీ చేతికిచ్చింది. డబ్బు తీసుకోలేదు.

వన్నెస్ మెట్లు దిగి వచ్చాడు. "మేడమ్, బీరువాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. ఈసారి ఇంకా ఎక్కువిస్తారట. మీరు ఊఁ అనండి, మధ్యాహ్నానికల్లా పీకేస్తాను."

పైన గంటలు కదిలాయి. లియోనీ కళ్ళు మూసుకుంది. చేతిలో అట్టు చల్లారుతోంది. హెర్మిన్ పెనం దించింది. పాట అయ్యేదాకా అలాగే నిలబడింది.

"ఉండనీ," అంది.

"కానీ మేడమ్..."

"ఉండనీ అన్నానా!"

పొయ్యి ఆర్పింది. బల్ల మడిచింది. వంతెన దాటి ఇంటికి వెళ్ళి, తాళం తీయబోయి ఆగింది.

తలుపు మీద ఇంకా మొగుడి పేరే ఉంది, కమీల్ అని.