అద్దాల పెట్టెలోని జత

“దాన్ని ముట్టుకోకు!”

సోమశేఖర్ అరుపుకు గాజుల దుకాణంలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు.

నల్ల బురఖాలో, ముసుగు వెనక్కి వేసుకుని ఉన్న నడివయసు ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దాల పెట్టెలో మెరుస్తున్న లక్క గాజుల జత వైపు వేలు చూపించింది.

“జర తీసి చూపియ్యుండ్రి సేఠ్.”

“ధర ఎరికేనా? నాలుగు వేలు.”

“ఎరికే.”

సోమశేఖర్‌కు ఒళ్లు మండింది. లాడ్‌బజార్‌లో మూడు తరాల దుకాణం అతనిది. మనిషి మెట్టెక్కగానే ఎంత పెట్టగలదో చెప్పేస్తానని గొప్పలు పోతాడు. ఆవిడ కాళ్లవైపు చూశాడు. ఒక చెప్పుకు పిన్నీసు పెట్టి ఉంది. ఆవిడ ఎలాంటిదో అంతటితో తేల్చేశాడు.

తట్టలోంచి నాలుగు జతలు తీసి ఆమె ముందు పడేశాడు.

“నీకు ఇవి చాలు. జత మూడొందలు.”

ఆమె ఒక గాజు ఎత్తి చూసి పక్కన పెట్టింది.

“ఇవొద్దు. నెల కాకముందే రాళ్లు రాలుతయి.”

పక్కనే యశోద కూర్చుని ఉంది. కూతురి పెళ్లికి చుట్టాల ఆడవాళ్లందరికీ పెట్టడానికి ఇరవై ఒక్క జతలు కావాలని పురానాపూల్ నుంచి వచ్చింది. ఏడాదికొకటి తగిలే బేరం అది. అలాంటి మనిషి ముందు సరుకుకు వంక పెడుతుందా ఈవిడ?

“ఏంది, లొల్లి చేయనీకె వచ్చినవా? ఎవడు పంపిండు నిన్ను? ఎదురు దుకాణపోడా?”

“ఎవరు పంపలే. నా కోసం నేనొచ్చిన.”

“నీ కోసం నాలుగు వేల గాజులా! ఇంట్ల పిల్లల్లేరా? కిరాయి లేదా, ఫీజుల్లేవా? గా పైసలు తీస్కపోయి గాజులకు తగలపెడ్తవా?”

ఆమె మొహం ఎర్రబడింది.

“అన్నీ కట్టినంకనే వచ్చిన. మీ ఇంట్ల ఆడోళ్లు కొనుక్కుంటే గిట్లనే అడుగుతరా సేఠ్?”

సోమశేఖర్‌కు కోపం రెట్టింపయింది. జత తీసి బల్ల మీద విసిరినంత పని చేశాడు.

బేరమాడుతుందని కాచుకున్నాడు. నోరు తెరిస్తే దులిపేద్దామనుకున్నాడు. ఆమె ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. నోట్లు చేతికిచ్చింది. ఆయనగారు ఒక్కో నోటూ వెలుతురుకు ఎత్తి చూశాడు, నలుగురికీ కనపడేలా.

గాజులు కొన్నవాళ్ల చేతికి దుకాణదారే తొడగడం ఆ బజారు మర్యాద. సోమశేఖర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తనే తొడుక్కుంది. రెండు చేతులూ చాచి చూసుకుంది. అంత కోపంలోనూ ఆమె మొహంలోకి నవ్వు వచ్చింది.

ఆ నవ్వు అతనికి గిట్టలేదు.

“ఆగు. సంచి చూపెట్టి పో.”

“ఎందుకు?”

“తట్టల ఒక జత తక్కువ కనవడ్తుంది.”

తక్కువా లేదు, ఏమీ లేదు. తట్టలో ఎన్ని ఉన్నాయో అతనికే తెలియదు.

ఆమె సంచిని బల్ల మీద బోర్లించింది. మందుబిళ్లల అట్ట, ఇంటి తాళంచెవి, బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు పడ్డాయి.

“చూసిన్రా? ఇంకా మంచిగ చూడుండ్రి.” ఆమె ఖాళీ సంచిని మరోసారి దులిపింది. “పూర పైసలిచ్చి కొన్న. అయినా దొంగను చేసిన్రు. చాలు, ఇగ ఖతం.”

సామాను సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. దుకాణంలో అంతమంది ఉన్నారు. ఇదేం పద్ధతని ఒక్కరూ అడగలేదు. అందరికీ గాజులు చూసుకునే పని ఉంది మరి!

యశోద మాత్రం ఇంకా వీధిలోకే చూస్తోంది.

“అన్నా, ఆమె తొడుక్కున్నవి మస్తున్నయి. ఇరవై ఒక్క జతలు నాకు గసొంటియే కావాలె.”

“గదెంత పనక్కా!”

సోమశేఖర్ దుకాణమంతా బల్ల మీదికి దించాడు. యశోద ఒక్కొక్కటే పక్కకు నెట్టింది.

“గీటికి రాళ్లు వంకర టింకరున్నయి. గదే చేతి పని కావాలె. దొరకదంటే చెప్పు, వేరే దుకాణం చూస్కుంట.”

“ఫికర్ చెయ్యకక్కా. రేపటికి ఖబర్ చెప్త.”

ఆమె అటు వెళ్లగానే, సరుకు తెచ్చిచ్చే షఫీఉద్దీన్‌కు ఫోన్ చేశాడు. మర్నాడు మధ్యాహ్నం షఫీ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“గా రకం ఇగ రాదు సేఠ్.”

“రాకపోవుడేంది! డబుల్ రేటు ఇస్త షఫీ భాయ్.”

“రేటు చెప్పిన. చేసేటామె వద్దన్నది. నేనిచ్చిన లక్క, రాళ్లు తూకమేసి వాపస్ ఇచ్చేసింది.”

“ఎవరామె? నడువు, నేనే వచ్చి అడుగుత. పెండ్లి బేరం భాయ్, పోతే ఎట్ల?”

షఫీ కళ్లు ఎర్రబడ్డాయి.

“ఇరవై ఏండ్ల సంది సరుకు తీస్కుంటున్నరు. చేసేటోళ్లు ఎవరని ఒక్కనాడన్న అడిగిన్రా? ఇయ్యాల యాదికొచ్చిందా?”

“అరే, చెప్పు భాయ్!”

“మొఘల్‌పురల ఖైసర్ బేగం. గా పని ఆమె ఒక్కదానికే వస్తది. ఎన్ని జతలు చేసినా ఒక్కటి ఉంచుకోనీకె లేదు, రాయి రాయికి నాకు లెక్క చెప్పాలె.”

“అయితే మానేసుడు ఎందుకు?”

“జిందగీల ఒక్కసారన్న తన చేతి పని తనే తొడుక్కోవాలని, నిన్న పూర పైసలు పట్టుకోని మీ దుకాణానికే వచ్చిందట సేఠ్, మీరు సంచి చూపెట్టి పొమ్మన్నరట.”