నాలుగో గొంతు

“భాష తెలీకపోయినా పర్లేదు అమ్మమ్మా. గొంతు విని మనిషెలాంటివాడో చెప్పు,” అంటూ ధనశ్రీ హెడ్‌ఫోన్లు తగిలించింది. పాయా లేబర్ అనే పేటలోని ల్యాబులో చెక్ భాష గొంతుల మీద ఆమె పరిశోధన.

కుమారమ్మ పెళ్లిచూపులకొచ్చినట్టు కొంగు సర్దుకుంది.

“మొదటివాడు తాగుతాడు. రెండోవాడు అమ్మచాటు బిడ్డ. మూడోవాడు బుద్ధిమంతుడు, ఏం ఉద్యోగం?”

“అది కంప్యూటర్ గొంతు!”

“ఇప్పుడు కంప్యూటర్లకేగా గిరాకీ. సరే, నాలుగోవాడికి ఆ వణుకెందుకే?”

“వణుకా? మా ల్యాబు పావెల్... ఉత్తి అంకెలు చదివాడంతే.”

“చదివేటప్పుడు ఎదురుగా ఎవరున్నారు?”

“నేనే.”

కుమారమ్మ హెడ్‌ఫోన్లు తీసేసి మనవరాలి మొహంలోకి చూసింది.

“నీ గొంతూ వణుకుతోంది. ఆదివారం ఆ అబ్బాయిని ఇంటికి మకాన్‌కి, అదే భోజనానికి, పిలువు. పప్పుచారు పెడతాను.”