గుమ్మం మీద మసి శిలువ

ఈస్టర్ అర్ధరాత్రి గంట మోగగానే గ్రీసులోని మా దీవిలో బాణసంచా మొదలవుతుంది. కిందటేడు ఆ మోతకు మా కుక్క ఆస్ప్రా కొండల్లోకి పారిపోయింది. అందుకే ఈసారి నా భర్త స్ట్రాటిస్‌ను ఒక్కడినే చర్చికి పంపి, నేను దానికి కాపలా ఉన్నాను.

అది అతని మొదటి భార్య ఫోతినీ పెంచిన కుక్క. ఆమె పోయి మూడేళ్లయింది. నేనెంత తిండి పెట్టినా నా ఒడిలోకి రాదు, ఆమె మంచం కిందే పడుకుంటుంది.

మొదటి రాకెట్ పేలి కిటికీలు అదిరాయి. మంచం కింద మూలుగు లేదు. తోక నేలకేసి తపతప కొడుతున్న చప్పుడు వినిపించింది. నాకోసం అది ఏనాడూ అలా తోక ఊపలేదు. మంచం కిందికి వంగాను.

"నా దగ్గరికి రావే తల్లీ!" అన్నాను. రాలేదు.

కాసేపటికి స్ట్రాటిస్ చర్చిలో వెలిగించిన కొవ్వొత్తి ఆరకుండా తెచ్చాడు. "ఏమోయ్, నీ సవతి కూతురు భయపడిందా?" అని నవ్వాడు. ఆ పొగతో గుమ్మం పైన శిలువ గీయడం ఈ ఇంట్లో ఇల్లాలి పని. కొవ్వొత్తి అందుకుని పైకెత్తాను.

నిన్న నేను సున్నం వేసిన చోట, నేను గీయని శిలువ అప్పటికే ఉంది. తాకితే మసి ఇంకా వెచ్చగా ఉంది.

"అప్పుడే గీసేశావా? నిప్పు నా దగ్గరుంటే ఎలా గీశావే?" అన్నాడు స్ట్రాటిస్.

"నేనే గీశాను. ఈ ఇంటి ఇల్లాలిని నేనేగా!" అన్నాను.

లోపల తోక చప్పుడు ఆగిపోయింది.