వదులు మూతలు

"ఈ నీళ్ల టిన్నుకి సీలేదీ?"

గుమ్మంలో నిలబడి అడిగింది పుష్పవల్లి.

వాచ్‌మన్ లక్ష్మయ్య టిన్ను లోపల దించి నడుము సవరించుకున్నాడు. కుడిచేతికి ఎప్పటిలాగే ఎర్ర తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"నేనే తీసినమ్మా."

"తియ్యమని నేను చెప్పానా?"

"లేదమ్మా."

ఖాళీ టిన్ను తీసుకుని మెట్లు దిగిపోయాడు.

పుష్పవల్లికి కోపం రాలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచి కోపం కూడా సరిగ్గా రావడం లేదు.

ముప్ఫయ్యేళ్లు షూటింగుల్లో హీరోయిన్లకు చీరలు కట్టింది. కుచ్చిళ్లు పెట్టీ పెట్టీ కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. డాక్టరు అక్కడున్న చిన్న ఎముక తీసేసి, చేతికి గట్టి పట్టీ వేశాడు.

"మూడు నెలలు దేన్నీ గట్టిగా పట్టుకోకండి. మూతలు అసలు తిప్పకండి" అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే గేటు దగ్గర లక్ష్మయ్య అడిగాడు.

"ఏదన్న మూత గిట్ల తియ్యాల్నంటే చెప్పుండ్రి అమ్మా."

"నా పని నేను చేసుకోగలను" అని లిఫ్టు ఎక్కేసింది.

తెనాలి నుంచి అక్క సత్యలక్ష్మి రోజూ ఫోన్ చేస్తోంది.

"ఒంటిచేత్తో ఏం తింటావే? వచ్చెయ్ ఇక్కడికి."

"వస్తే మళ్లీ నన్ను పిలిచేదెవరు? ఫిల్మ్ నగర్లో నాలుగు నెలలు కనపడకపోతే, అసలు ఉన్నామో పోయామో కూడా అడగరు."

"మరి అన్నీ ఎలా చేసుకుంటున్నావు?"

"చేసుకుంటున్నా. పచ్చడి సీసా మూత ఎడంచేత్తో ఇలా అంటే వచ్చేసింది."

"నీ మొండితనమే నీకు మందులే!" అని నవ్వింది అక్క.

ఫిజియోథెరపీలో అమ్మాయి గుండుసూదితో బొటనవేలి మీద అక్కడక్కడా తాకించింది.

"తెలుస్తోందా ఆంటీ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"వస్తుందిలెండి."

పుష్పవల్లి తల ఊపింది. వస్తుందనీ అనిపించలేదు, రాదనీ అనిపించలేదు.

మర్నాడు వచ్చిన మందుల సీసాకీ సీలు లేదు. కొబ్బరినూనె డబ్బాకీ లేదు. పార్శిల్ మీద టేపు ఒక పక్క ఊడి ఉంది.

కిందకి వెళ్లి అపార్ట్‌మెంట్ సెక్రటరీ సూర్యప్రకాశరావుకి చెప్పింది.

"గేటు దగ్గర దిగిన ప్రతిదీ విప్పి చూస్తున్నాడండీ. ఆ టిన్నులో ఏ నీళ్లు పోస్తున్నాడో కూడా తెలీదు."

"మిగతా ఫ్లాట్లవాళ్లెవరూ చెప్పలేదే?"

"వాళ్లు చూసుకోరు."

"సరే, ఒకటో తారీకు నుంచి వేరే మనిషిని పెడదాం లెండి."

గ్యాస్ బుక్ చేసినంత మామూలుగా ఆ పని అయిపోయింది.

ఒకటో తారీకు ఆమె ఆటో దిగేసరికి లక్ష్మయ్య సంచి పట్టుకుని గేటు బయట ఉన్నాడు. తువ్వాలు చుట్టిన చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఆమె ఫోన్ చూసుకుంటూ లోపలికి నడిచింది.

కొత్త వాచ్‌మన్ తెచ్చిన నీళ్ల టిన్నుకి సీలు బిగువుగా ఉంది.

గోటితో గీకింది. చాకుతో పొడిచింది. రాలేదు.

కొత్తగా తెప్పించిన పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకుని తిప్పింది. రాలేదు.

కొత్త నొప్పి మాత్రల సీసా మూత కూడా రాలేదు.

చెయ్యి పాడైపోయిందనుకుంది. నిన్నటిదాకా వచ్చినవేగా ఇవన్నీ!

మూడు రోజులు మజ్జిగన్నం తింది. నాలుగో రోజు అక్కకి తనే ఫోన్ చేసింది.

"వస్తానే. ఇక నా వల్ల కాదు."

గొంతులో ఏడుపు లేదు. అక్కే అవతల ఏడ్చింది.

పెట్టెలో బట్టలు సర్దింది. జిప్పు సగానికొచ్చి ఆగిపోయింది. దాని పక్కనే నేల మీద కూర్చుంది.

తలుపు కొట్టారు. నడివయసు మనిషి.

"నేను లక్ష్మయ్య పెండ్లాన్నమ్మా, రాజమ్మను. మోటారు రూము తాళంచెవి ఆయన జేబులనే ఉండిపోయింది. సెక్రటరీ సారు ఇంటికి తాళముంది. సారుకు మీరు ఇయ్యుండ్రి."

"ఆయన రాలేదా?"

"బోరబండల రూము ఖాళీ చేసినం. సామాను తీస్కొని బస్టాండుకు పోయిండు. ఈడ పని పోయినంక ఇంకో గేటు కాడ ఎవ్వరు పెట్టుకోలేదు. ఊరికి పోతున్నం."

రాజమ్మ పెట్టెని చూసింది. వంగి, జిప్పు ఒక్క గుంజు గుంజి మూసింది. పక్కనున్న మాత్రల సీసా మూత కూడా తిప్పి, వదులుగా పెట్టింది.

"జర ఫికరైతుండె ఆయనకు. కొత్తోనికి చెప్పిపోదమంటే వాడు ఇనలేదంట."

"ఏం చెబుదామని?"

"మీ ఇంటికి పొయ్యే సామాను మూతలు వదులు చేసి పంపమని. అమ్మను అడిగితె వద్దంటది, అడగకుంటనే చెయ్యాలె అనెటోడు."

పుష్పవల్లి ఎడంచేత్తో సీసా అందుకుంది.

"టిన్ను సీలు కూడానా? అది చాకుతోనే రాలేదు."

"పండ్లతోటి గుంజెటోడమ్మా. సీసాలైతె మోకాళ్ల నడుమ పట్టి ఎడమచేత్తోటి తిప్పెటోడు."

"ఎడమచేత్తో ఎందుకు?"

రాజమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది.

"మూడేండ్లు మీ గేటు కాడ ఉన్నడు, సూడనే లేదా అమ్మా? సినిమా సెట్టింగుల కాడ వడ్రంగి పని చేస్తుండె, రంపం కింద పడి కుడిచేతి బొటనవేలు మొదలుకే లేదాయనకు."